టైపు మేస్టారు పట్టుకున్న స్వరం

"మీకు నేర్పింది ఎవరండీ?" అని మైకు పట్టుకున్న అమ్మాయి అడిగినప్పుడు నేను ఒక పేరు చెప్పాలి. చెప్పలేదు. నా కుడిచెయ్యి మాత్రం దానంతట అది లేచి చెవి తమ్మెను ముట్టుకుంది. గురువు పేరు పలికే ముందు చెవి ముట్టుకోవాలని నాకు నేర్పిన మనిషి ఆయనే. చెయ్యి తన పని తను చేసింది. నోరు చెయ్యలేదు. "ఎవరూ లేరండీ. ఫోన్లో చూసి నేనే పట్టుకున్నాను" అన్నాను.

ఆ వీడియో మీలో కొందరు చూసే ఉంటారు. నర్సీపట్నంలో ఒక జిరాక్స్ షాపు. మిషను పక్కన స్టూలు మీద ఒక బట్టతల మనిషి, ఒళ్ళో బెంజో. అమెరికా పత్తిచేలలో ఎప్పుడో పుట్టిన ఏడుపు పాట ఒకటి దాని మీద వాయిస్తుంటాడు. ఆ మనిషిని నేనే. పాటలో ఒకచోట తీగ మూలిగినట్టు వినిపిస్తుంది. కింద కామెంట్లు పెట్టినవాళ్ళంతా మెచ్చుకున్నది ఆ చోటునే. అది నేను పట్టుకున్నది కాదు. పట్టుకున్న మనిషి మొన్న కార్తీకంలో పోయారు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. దానికి కారణం ఉంది. దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను.

ఊళ్ళో అందరూ ఆయన్ని టైపు మేస్టారు అనేవారు. ఆర్టీసీ కాంప్లెక్సు వెనక వీధిలో, మందుల షాపు మేడ మీద ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్. పొద్దున్నే రావికమతం బస్సు దిగినవాళ్ళు, చింతపల్లి నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళు, మా ఊరి గుమాస్తాల పిల్లలు, అందరూ ఆ ఇరుకు మెట్లెక్కినవాళ్ళే. కింద మందులు కొనుక్కునేవాళ్ళు పైన వడగళ్ళు పడుతున్నాయా అన్నట్టు తలెత్తి చూసేవారు.

ఆయన వేళ్ళు ఊరుకునేవి కావు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఆ మాటల్ని మోకాలి మీద టైపు చేసేవి. బస్సులో అయితే ముందు సీటు కమ్మీ మీద, భోజనాల్లో అయితే విస్తరి అంచు మీద. తను మాట్లాడేటప్పుడూ అంతే. వాక్యం పూర్తికాగానే ఎడమచెయ్యి గాలిలో కుడివైపుకి ఒక తోపు తోసేది, మిషను మీద కొత్త వరస మొదలుపెట్టినట్టు. ఆ తోపు పడ్డాక మనం మాట్లాడవచ్చు. పడకముందు మాట్లాడితే కోపం వచ్చేది.

కొన్నాళ్ళకి మేమొకటి గమనించాం. అబద్ధం వింటే ఆ వేళ్ళు ఆగిపోయేవి. ఆలస్యంగా వచ్చిన కుర్రాడు "బస్సు పంక్చరైపోయింది మేస్టారూ" అంటే, బస్సు దాకా వేళ్ళు బాగానే నడిచేవి, పంక్చరు దగ్గర నిలబడిపోయేవి. ఆయన తిట్టేవారు కాదు. "ఊఁ, కూకో" అనేవారు. ఆ కుర్రాడు ఆ గంటంతా తల దించుకుని టైపు కొట్టుకునేవాడు.

ఆయనకి సహించనిది ఇంకొకటుంది. తప్పు అక్షరం పడితే దాని మీదే సరైన అక్షరం కొట్టి కప్పేయడం మాకందరికీ అలవాటు. దూరం నుంచి చూస్తే తెలియదు కదా అని. ఆయన కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఆ నల్లటి ముద్దని గోటితో చూపించేవారు. "తప్పు మీద కొడితే రెండు తప్పులురా. పడిందాన్ని పడినట్టు ఒగ్గీసి ముందుకెల్లు" అనేవారు. టైపు పరీక్షల్లో నేను లోయరు పాసయ్యాను. హయ్యరు రెండోసారికి కూడా కాలేదు. కారణం ఈ ముద్దలే.

నా ఉంగరపు వేలు సరిగా లేవదని ఆయన నా చేతికి బెంజో ఇచ్చారు. అలాంటి బద్ధకపు వేళ్ళకి ఆయన వైద్యం అదే.

మా వైపు బెంజో అంటే ఒళ్ళో పెట్టుకునే పొడుగాటి చెక్కపెట్టె. దాని మీద ఉక్కు తీగలు, తీగల మీద టైపు మిషనుకి ఉన్నట్టే వరసగా కీలు. ఎడమచేత్తో కీ నొక్కితే అది దిగి తీగని పట్టుకుంటుంది. కుడిచేత్తో చిన్న బిళ్ళ పెట్టి మీటాలి. భజనల్లో వాయిస్తారు, నాటకాల్లో వాయిస్తారు. ఏ కీకి ఆ స్వరమే. వేలితో తీగని లాగి స్వరాన్ని సాగదీయడానికి వీణలా, సితారులా దీనికి వీలుండదు.

మేస్టారి బెంజోకి కీల మీది బిళ్ళలు ఏనాడో ఊడిపోయాయి. పాడైపోయిన టైపు మిషను నుంచి అక్షరాల బిళ్ళలు పీకి వాటికి అతికించుకున్నారు. అదీ వరసలో కాదు, చేతికి దొరికినవి దొరికినట్టు. దాంతో ఆ పెట్టెలో సరిగమలు పోయి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. "ఎమ్ మీంచి టి మీదకి రా. దారిలో కామా తగలాల. సెమికోలన్ కాడ ఊపిరి తీసుకో" అని పాఠం చెప్పేవారు. శనివారం భజనలో పాడే కీర్తనల మాటలు ఇప్పటికీ నాకు సరిగా రావు. ఆర్ ఆర్ టి, కామా, ఎమ్ అని మాత్రం తప్పు లేకుండా వచ్చు.

ప్రతి శనివారం సాయంత్రం మేస్టారి వాళ్ళ వీధి రామకోవెలలో భజన. హార్మోనియం దగ్గర ఒక బెల్లం వ్యాపారి కూర్చునేవారు. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. భజన మండలికి ఆయనే పెద్ద. ఆయన పక్కన మేస్టారు, మేస్టారి వెనక నా బెంజోతో నేను. మొదలుపెట్టే ముందు మేస్టారు చెవి ముట్టుకుని, తనకి నేర్పిన తుని నాటకాల ఆయన పేరు పైకి చెప్పేవారు. ఆ తుని ఆయన ఎవరో మండలిలో ఎవరికీ తెలియదు. "తెలీకపోతే ఏటి? సెప్పకపోతే సెయ్యి ఆడదు నాకు" అనేవారు.

కంప్యూటర్లు వచ్చాయి, ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. నేను జిరాక్స్ షాపు పెట్టాను. మేస్టారు రోజూ భోజనానికి ముందు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి నా షాపులో కూర్చునేవారు. మా జిరాక్స్ మిషను మీద ఆయనకి చిన్నచూపు. "ఇది ఉన్నదాన్నే మల్లీ ఇస్తాది. దీనికేటి గొప్ప?" అనేవారు. అని, దాని చప్పుడుకి తగినట్టు గాజుబల్ల మీద వేళ్ళు ఆడించేవారు.

ఒకరోజు ఆయన బెంజోలో కీ కింది స్ప్రింగు పోయింది. ఎలా మార్చాలో ఫోన్లో వెతకమన్నారు. బెంజో రిపేరు అని కొట్టాను. వచ్చిన బొమ్మ చూసి ఇద్దరం ఆశ్చర్యపోయాం. గుండ్రటి డప్పుకి పొడుగాటి మెడ తగిలించి తీగలు కట్టినట్టుంది.

"ఇదేటిరా, డప్పుకి తీగలేటి?" అన్నారు మేస్టారు.

వాళ్ళ దేశంలో బెంజో అంటే ఇదేనట మేస్టారూ అన్నాను. ఆయన కాస్త నొచ్చుకున్నారు. మన పెట్టె పేరు వాళ్ళెందుకు పెట్టుకున్నారని నన్నే అడిగారు. అసలు పేరు ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో నాకు మాత్రం ఏం తెలుసు? ఈలోగా ఫోన్లో ఆ బొమ్మ కదలడం మొదలైంది. ఒక ముసలి నల్లాయన, అరుగు మీద కుర్చీ వేసుకుని వాయిస్తూ పాడుతున్నాడు.

మేస్టారి వేళ్ళు గాజుబల్ల మీద ఆయనతోపాటు నడిచాయి. కొంచెం దూరం వెళ్ళాక ఆగిపోయాయి. ఆ ముసలాయన చెప్పేది ఈయనకి అబద్ధంలా తోచిందేమో అనుకున్నాను. కాదు. "మల్లీ ఎయ్యి" అన్నారు. వేశాను. మళ్ళీ అక్కడే ఆగాయి. "మల్లీ."

కింద రాసింది చదివి చెప్పాను. బ్లూస్ అంటారట, వెట్టిచాకిరీ చేసిన నల్లవాళ్ళు పాడుకున్నదట, ఎవరు కట్టారో తెలియదట. పాటలో ఏం చెబుతున్నాడని అడిగారు. నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. రేవులో పడవ వెళ్ళిపోయింది అంటున్నాడు. మళ్ళీ రేవులో పడవ వెళ్ళిపోయింది అంటున్నాడు. మూడోసారి, పడవెక్కడానికి కడుక్కున్న కాళ్ళు కడుక్కున్నట్టే ఉన్నాయి అంటున్నాడు.

"ఒకటే మాట రెండుసార్లు దేనికి మేస్టారూ? మాటలు దొరకలేదేమో" అన్నాను నేను, నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. "మొదటిసారి మనకి సెప్పేడు. రెండోపాలి ఆడికాడు సెప్పుకున్నాడు. అది అయితే గానీ మూడో మాట రాదురా" అన్నారు.

ఆ మర్నాటి నుంచి ఆయన బెంజోని పాత దుప్పట్లో చుట్టుకుని, గొడుగు పట్టుకుని షాపుకి తేవడం మొదలుపెట్టారు. ఆషాఢం వానలు. పాట తొందరగానే దొరికింది, ఒక్క చోటు తప్ప. ఆ ముసలాయన తీగ ఏడ్చే చోటు. ఎమ్ నొక్కితే తక్కువవుతుంది, పక్కనున్న క్యూ నొక్కితే ఎక్కువవుతుంది. "ఈ రెండిటి సందులో ఉన్నాదిరా అది" అన్నారు మేస్టారు. మా పెట్టెలో ఆ సందులో ఏమీ లేదు. చెక్కే ఉంది.

ఆయన వదలలేదు. రెండు కీలూ ఒకేసారి నొక్కి చూశారు. సగం నొక్కి చూశారు, గరగర వచ్చింది. తీగ వదులు చేసి చూశారు, మిగతా పాటంతా పాడైంది. షాపుకి వచ్చినవాళ్ళు ఆధార్ కార్డులు పట్టుకుని నిలబడితే, "ఉండండి, ఉండండి, మేస్టారు వెతుకుతున్నారు" అనేవాణ్ణి. ఏమి పోయిందో అని కొందరు కింద నేలమీద చూసేవారు. అమ్మగారు, అంటే మేస్టారి భార్య, ఒకసారి షాపుకి వచ్చి నన్ను కేకలేసింది. ఆయన అన్నం ముందు కూర్చుని కూడా పళ్ళెం అంచు మీద అదే మీటుతున్నారట. ఈ వయసులో ఈ పిచ్చి ఎందుకు అంటించావు అంది.

అది దొరికిన రోజు నేను అక్కడే ఉన్నాను. అందుకే నాకు సాకు లేదు.

వాన కాస్త తెరిపి ఇచ్చింది. ఎవరో మోటార్ సైకిల్ తెచ్చి సరిగ్గా గుమ్మానికి అడ్డంగా పెట్టాడు. మేస్టారు ఎమ్ మీద వేలు అలాగే ఉంచి, మీటుతూనే పక్కకి తిరిగి వాణ్ణి కసిరారు. ఆ తిరగడంలో ఆయన కుడి అరచేతి మొదలు తీగల చివర పడింది. తీగలు ఆనే చిన్న చెక్క ముక్క ఉంటుందే, దానికి అవతల, ఎవరూ చెయ్యి పెట్టని చోట. తీగ బిగిసింది. ఎమ్ కాస్త పైకి లేచి, క్యూ దాకా పోకుండా, మధ్యలో మూలిగింది.

మేస్టారు కదలకుండా ఉండిపోయారు. "ఇప్పుడేటి సేసేను?" అని నన్ను అడిగారు, గొంతు తగ్గించి. మోటార్ సైకిల్ మనిషి తనని అడిగారనుకుని బండి తీసేశాడు.

మెల్లగా మళ్ళీ అరచెయ్యి అక్కడ ఆనించారు. మళ్ళీ వచ్చింది. పాట మొదటినుంచి అందుకున్నారు. వరస వరసకీ ఆ చోట చెయ్యి ఒత్తుతూ, చివరిదాకా వాయించారు. రేషన్ కార్డు కాపీల కోసం చింతపల్లి వైపు కొండ ఊరి నుంచి వచ్చిన ఒకామె గోడకి ఆనుకుని నిలబడి ఉంది. పాట అయ్యాక ఆమె మేస్టారిని అడిగింది. "ఎవులు పోనారు బాబూ?"

ఆ మాట విన్నప్పుడు మేస్టారి మొహం నేను మర్చిపోలేను. పరీక్షలో ఆయన పిల్లలంతా ఒకేసారి పాసైనట్టుంది.

తర్వాత ఆయన ఊరంతా తిరిగి చెప్పుకున్నారు. ఆ విషయంలో ఆయనకి మొహమాటం లేదు. టీ కొట్టు దగ్గర, మందుల షాపులో, కోవెల పూజారికి, దారిలో ఆపి మరీ చెప్పారు. సందులో ఉన్నదాన్ని తను పట్టానని, కొండావిడ ఎవరు పోయారని అడిగిందని. శనివారం భజన మొదలయ్యే ముందు వాయించి చూపించారు. "బాగున్నాది గానీ మేస్టారూ, రాములోరి ముందు ఈ ఏడుపేటండీ" అని బెల్లం వ్యాపారి పెద్దగా నవ్వారు. మండలి నవ్వింది. మేస్టారు దాన్ని కూడా మెచ్చుకోలు కిందే జమకట్టుకున్నారు. భజన అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టి నా అరచెయ్యి పట్టుకుని ఆ చోట ఆనించారు. "ఇక్కడ. బలంగా కాదు. పడుకున్న పసిబిడ్డ మీద సెయ్యేసినట్టు."

నా చేతికి అది పట్టుబడడానికి చలికాలం దాకా పట్టింది. పట్టుబడ్డాక ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు, ఫోన్ని జిరాక్స్ మిషనుకి ఆనించి పెట్టి వాయించాను. ఊరికే. ఎవరికి పంపానో, వాళ్ళు ఎవరికి పంపారో, కొన్నాళ్ళకి నా షాపు ముందు కారు ఆగి మైకుతో ఆ అమ్మాయి దిగింది. విశాఖపట్నం నుంచి వచ్చిన టీవీవాళ్ళు.

నాకు నేర్పింది ఎవరూ లేరని ఎందుకు అన్నానో చాలా ఆలోచించాను. ఆ అమ్మాయి హఠాత్తుగా అడిగేసింది, తడబడ్డాను అని కొంతకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. వాళ్ళు వస్తున్నారని ముందురోజే ఫోన్ వచ్చింది. షాపు తుడిపించాను. చొక్కా ఇస్త్రీ చేయించాను. మేస్టారికి కబురు చెయ్యలేదు. ఆయన షాపుకి వచ్చే వేళ నాకు తెలుసు. వాళ్ళని ఆ వేళ దాటాక రమ్మన్నాను. అంటే, ఏం చెప్పబోతున్నానో నాకు ముందే తెలుసు. అంతేకాదు, ఆ మధ్య స్వరం ఎలా దొరికిందని అడిగితే, మోటార్ సైకిల్ కథంతా చెప్పాను, కసిరింది నేనన్నట్టు. ఎవరు పోయారని కొండావిడ అడిగింది నన్నే అన్నట్టు.

ఊళ్ళో ఆ టీవీ వీడియో చూడని ఫోన్ లేదు. శనివారం బెల్లం వ్యాపారి మండలి అందరి ముందూ మేస్టారిని అడిగారట, సందులోది మీరు పట్టానన్నారు, మీ శిష్యుడు తను పట్టానంటున్నాడు, ఇందులో నిజం ఎవరిది అని. నేను ఆ వారం భజనకి వెళ్ళలేదు. తర్వాత కూడా వెళ్ళలేదు. షాపులో పని అని చెప్పాను. కానీ టీ కొట్టు దగ్గర నాకు అన్నీ తెలుస్తూనే ఉండేవి. అప్పటి నుంచి ప్రతి శనివారం ఆయనకి అదే పలకరింపు. "ఏం మేస్టారూ, ఈవారం ఏం కనిపెట్టేరు?" జీవితమంతా ఇతరుల అబద్ధాలు విని వేళ్ళు ఆపుకున్న మనిషిని ఊరు అబద్ధాలకోరుని చేసింది. ఊరు కాదు, నేను.

ఆయన కొన్నాళ్ళు షాపుకి రాలేదు. ఒకరోజు వచ్చారు, కాపీ కోసం ఆధార్ కార్డు పట్టుకుని. కూర్చోలేదు. గాజుబల్ల మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు.

"వీడియో సూసేను. బాగానే వాయించేవు. ఎమ్ కాడ కొంచెం తొందరపడ్డావు" అన్నారు. వేళ్ళు బల్ల మీద నడుస్తున్నాయి.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. షాపులో మేమిద్దరమే ఉన్నాం. తప్పయిపోయింది మేస్టారూ అని ఒక్క మాట. ఆయన ఊఁ కూకో అనేవారు. అంతటితో అయిపోయేది.

"మేస్టారూ, నేను మీ పేరు చెప్పానండీ. వాళ్ళే కట్ చేసేశారు" అన్నాను.

వేళ్ళు ఆగిపోయాయి.

మిషను కాపీని బయటకి తోసింది. దాన్ని తీసి ఇవ్వడానికి కూడా నాకు చెయ్యి రాలేదు. ఆయనే వంగి తీసుకున్నారు. అంచులు కలిసేటట్టు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సెవి ముట్టుకున్నది మట్టుకు ఉంచేరు. సాల్లే" అన్నారు. అని వెళ్ళిపోయారు.

ఆయన నమ్మారని నేను అనుకోలేదు. కానీ నమ్మినట్టు వెళ్ళిపోయారు కదా అని ఊపిరి పీల్చుకున్నాను. అలాంటి మనిషిని నేను. తర్వాత దారిలో ఎదురైతే బాగున్నావా అనేవారు, బాగున్నాను అనేవాణ్ణి. ఆ పాట ఆయన మళ్ళీ వాయించగా విన్నవాళ్ళు లేరు. నేను మాత్రం వాయిస్తూనే ఉన్నాను. అడిగిన చోటల్లా. పాయకరావుపేటలో ఒక స్కూలు వార్షికోత్సవంలో శాలువా కప్పారు. ఆ శాలువా ఇంట్లో బీరువా మీద మడతపెట్టి ఉంది. దాన్ని కప్పుకోవడానికి గానీ, ఎవరికైనా ఇచ్చేయడానికి గానీ నాకు ఇంతవరకు చేతకాలేదు.

కార్తీకంలో జ్వరం వచ్చి, తగ్గినట్టే తగ్గి, ఆయన పోయారు. దహనానికి వెళ్ళాను. వెనక నిలబడ్డాను. పెద్దకర్మకి వెళ్ళాను, వడ్డన చేశాను. అమ్మగారితో మాట్లాడే ధైర్యం రాలేదు. అంతా సద్దుమణిగాక ఒక పొద్దున్న వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. బెంజో లోపల బల్ల మీద అదే దుప్పట్లో చుట్టి ఉంది. నేను చెప్పదలచుకున్నది దారిపొడుగునా కూడబలుక్కుని వెళ్ళాను. మళ్ళీ ఒక వీడియో చేస్తాను, మేస్టారి ఫోటో పెడతాను, పేరు చెబుతాను, ఆ పాటలో ఉన్నది ఆయనదే అని అందరికీ చెబుతాను అన్నాను.

ఆవిడ కాయలు తుంచుతూనే ఉంది.

"ఆల్లు కోసేసేరన్నావంట గదా బావూ, ఆయన పేరు" అంది.

నా చూపు లోపల బల్ల మీది దుప్పటి మూట మీదకి పోయింది.

"ఆ బెల్లమాయన అడిగేడంట, నిజం ఎవుల్దని. అప్పటికి ఈయన ఏటీ అనకండా ఊరుకున్నాడు. నీ షాపుకొచ్చి ఎల్లిన శనోరం మట్టుకు సెప్పేడంట, కుర్రోడు నా పేరు సెప్పేడు, టీవీవోల్లే కోసేసేరు అనీసి. ఇంటికొచ్చి నాకూ అదే సెప్పేడు. నేనీ గుమ్మం కాడే నిలబడున్నాను. సెప్తన్నప్పుడు ఏళ్ళు ఆడలేదు." చేతిలోని కాయని పక్కన పెట్టింది. "ఇన్నేళ్ళ కాపరంలో ఏళ్ళాడకండా ఆయన మాటాడ్డం అదొక్కపాలే సూసేను. అప్పుడే తెలిసిపోనాది నాకు, నువ్వు సెప్పలేదని."

ఆయన నమ్మలేదని నాకు తెలుసు. నా అబద్ధాన్ని తన నోటితో, తనని చూసి నవ్విన వాళ్ళ ముందు చెప్పారని తెలియదు. నన్ను దొంగని చెయ్యడం ఇష్టం లేక. దానికీ వాళ్ళు నవ్వే ఉంటారు.

"వీడియోలొద్దు. ఫోన్లో సూసినోల్లకి ఈయనెవులు? ఆల్లకి పేరు తెలిస్తే ఏటి, తెలకపోతే ఏటి? నవ్వినోల్లు ఈడున్నారు. పేరు ఆల్లకి సెప్పు. ఇంకెక్కడా ఎయ్యకు" అంది అమ్మగారు.

అందుకే ఇక్కడ ఆ పేరు రాయలేదు. వీడియో చూసినవాళ్ళకి నేను చెప్పవలసింది, ఆ స్వరం నాది కాదని. అది చెప్పాను. పేరు చెప్పవలసిన చోటు వేరే ఉంది.

ఆ శనివారం షాపు పెందరాళే మూసి, నా బెంజో పట్టుకుని రామకోవెలకి వెళ్ళాను. మేస్టారు కూర్చునే చోట ఎవరూ కూర్చోలేదు. హార్మోనియం పక్కన చాప మీద ఆ జాగా ఖాళీగా ఉంది. నేను దాని వెనక, నా పాత చోటులోనే కూర్చున్నాను. బెల్లం వ్యాపారి వెనక్కి తిరిగి, "ఏటి బావూ, చాలా కాలానికి. టీవీవోల్లు ఒదిలేరా?" అన్నారు. నలుగురు నవ్వారు. ఆడవాళ్ళు కూర్చునే వైపు చూశాను. అమ్మగారు స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది.

భజన మొదలుపెట్టే ముందు ఒక మాట చెప్పనివ్వమన్నాను. చెవి ముట్టుకున్నాను. మేస్టారి పేరు ఇంటిపేరుతో సహా పైకి చెప్పాను. ఆయన నా గురువు అన్నాను. సందులో స్వరం పట్టుకున్నది ఆయన, టీవీలో నేను చెప్పింది అబద్ధం అన్నాను.

బెల్లం వ్యాపారి హార్మోనియం మీద నుంచి చెయ్యి తీశారు. ఆయన కూడా కొంచెం ఇబ్బంది పడ్డట్టున్నారు. "ఊరుకో బావూ, పోయినాయన గురించి ఇప్పుడెందుకు? నీ తప్పేటున్నాది అందులో? ఆల్లు కోసేసేరంట గదా, మేస్టారే సెప్పేరు మాకు" అన్నారు. మండలిలో ఇద్దరు ముగ్గురు అవునవునన్నారు.

తప్పించుకోవడానికి తలుపు తెరిచి పెట్టి ఉంది. మేస్టారు పోతూపోతూ నాకోసం తెరిచి పెట్టిన తలుపు. ఊరికే తల ఊపితే చాలు, పేరు చెప్పినవాణ్ణీ అవుతాను, మంచివాణ్ణీ అవుతాను. టైపు మిషను మీద ముద్దలా పడ్డ అక్షరాలు ఎందుకో గుర్తొచ్చాయి. అమ్మగారి వైపు చూశాను. ఆవిడ నా మొహం చూడటం లేదు. నా చేతుల వైపు చూస్తోంది.

"కొయ్యలేదండీ" అన్నాను. "నేను చెప్పలేదు. చెప్పానని మేస్టారి ముందు కూడా అబద్ధం ఆడాను. అది అబద్ధమని తెలిసే ఆయన మీతో అలా అన్నారు. నా పరువు కోసం అన్నారు. మీరు నవ్వుతుంటే పడ్డారు."

బెల్లం వ్యాపారి ఖాళీగా ఉన్న ఆ చాప జాగా వైపు చూస్తూ ఉండిపోయారు. నేను బెంజోని ఒళ్ళోకి తీసుకోకుండా, ఆ జాగాకి ఎదురుగా తిరిగి కూర్చున్నాను.

"తప్పయిపోయింది మేస్టారూ" అన్నాను, అందరికీ వినపడేలా. మళ్ళీ అదే మాట అన్నాను, ఎవరికీ వినపడకుండా.